వర్ధన్నపేట వెళ్లొచ్చిన చొక్కా

సారంగపాణికి ఉన్న పిచ్చి ఒక్కటే. షాపులో అయ్యే పనిని ఊరు దాటిస్తే గాని ఆయనకు నిద్రపట్టదు. డెబ్బైల్లో హన్మకొండ చౌరస్తాలో టైలర్ షాపు ఆయనది. కత్తిరింపు మాత్రం అక్కడ, కుట్టు నర్సంపేటలో, కాజాలూ గుండీలూ వర్ధన్నపేటలో. ఆ బట్టలు తిరిగినన్ని ఊళ్లు వాటిని తొడుక్కునేవాళ్లు కూడా తిరిగి ఉండరు.

"బయట అగ్గువల అయితది బిడ్డా" అనేవాడు, షాపులో బట్ట కత్తిరించే రాజేశ్వరితో. ఆ చవక సంగతి ఆమెకు బాగా తెలుసు. మూటకు బస్సు చార్జీ, మూట ఏమైందో చూసిరావడానికి ఈయనకు బస్సు చార్జీ, తప్పు కుట్టినవి విప్పడానికి మళ్లీ తనే. చెప్పాల్సినవన్నీ కండక్టర్ యాకయ్య నోట పంపేవాడు. యాకయ్య టికెట్లు కొడుతూ సగం మరిచిపోయి, మిగతా సగానికి తన సొంతం కొంత కలిపేవాడు.

ఆ ఏడు యాకయ్య చెప్పిన తీరుకు ఒక పెళ్లికొడుకు చొక్కా గుండీలకు బదులు హుక్కులతో వచ్చింది. వర్ధన్నపేటలో గుండీలు కుట్టే సమ్మమ్మ అంతకుముందు జన్మంతా కుట్టినవి రవికలే మరి. పెళ్లికొడుకు పీటల మీద ఊపిరి బిగబట్టి కూర్చున్నాడట. ఆ తర్వాత వాళ్ల వాడకట్టు వాడకట్టంతా షాపు మొహం చూడలేదు.

"షాపు మూతపడితే నేనెక్కడ పోవాలె కాకా?" అని రాజేశ్వరి అడిగేసింది. మర్నాడు ఆయనకు జ్వరం వచ్చింది. ఇదే సందు అనుకుని, పని బంద్ అని సమ్మమ్మకు చెప్పడానికి ఆమే బస్సెక్కింది.

ఊరి చివర ఇల్లు. గడప దగ్గర పీట వేసి ఉంది. సమ్మమ్మ బస్సు వచ్చే దారివైపే చూస్తోంది. "సేటు రాలేదా?" అన్నప్పుడు ఆమె మొహం వాడిపోయింది. భర్త పోయాక ఆ గడప తొక్కేది సారంగపాణి ఒక్కడేనట.

"గుండీ వంకరున్నదని తిడ్తడు. ఇప్పుకుంట కూసుంటడు. ఇంత గట్క తిని, జరసేపు ముచ్చట పెట్టి పోతడు. ఆయనకు సుత ఇంట్ల ఎవలున్నరు బిడ్డా."

నర్సంపేటలో కుట్టే కట్టమ్మదీ ఒంటరి బతుకేనని అప్పుడు గుర్తొచ్చింది రాజేశ్వరికి. పని బంద్ అన్న మాట పక్కన పెట్టేసింది. ఇకనుంచి మూట తనే తెస్తానని, ఏది ఎలా కుట్టాలో దగ్గర కూర్చుని చెబుతానని మాత్రం అంది.

సిద్ధంగా ఉన్న చొక్కా ఒకటి చేతికి తీసుకుంది. గుండీలన్నీ చక్కగా, ఒకే వరసలో ఉన్నాయి.

"ఇదేంది అవ్వా, గింత వంకర? ఇప్పాలె" అంటూ పీట మీద కూర్చుంది.

సమ్మమ్మ గట్క పెట్టడానికి లోపలికి లేచింది.