వెలగని సీసా

చైతన్యకృష్ణ చేత సారీ చెప్పించిన మనిషిని కోటిరత్నం ఒక్కదాన్నే చూసింది. ఆ మనిషి మెహర్. చైతన్యకృష్ణేమో ల్యాబులకు మందులు సరఫరా చేసే కంపెనీ తాలూకు. ఇస్త్రీ చొక్కా, చెవిలో వైరు, మాట కన్నా ముందొచ్చే నవ్వు. బ్రాడీపేటలో కింద పళ్ల డాక్టరు, పైన పరిశోధన ల్యాబు ఉన్న మేడలో మెహర్ టెక్నీషియను, కోటిరత్నం ఊడ్చే మనిషి.

ఆ రోజు మెహర్ బొటనవేలంత సీసా ఒకటి చైతన్యకృష్ణ ముందు బల్ల మీద పెట్టింది.

“ఇది చచ్చిపోయిన మందు. వెనక్కి తీసుకెళ్లండి. పోయిన నెల అయిపోయిన సీసా వెలిగిన దాంట్లో మూడో వంతు కూడా వెలగట్లేదు.”

“మీరే ఫ్రిజ్‌లో గడ్డ కట్టించి ఉంటారు మేడం.”

“రోజుకు రెండుసార్లు ఫ్రిజ్ ఎంత చల్లగా ఉందో చూసి రాస్తాను. ఇదుగో పుస్తకం. ఎక్కడ గడ్డ కట్టిందో చూపించండి.”

“కరెంటు పోతే మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో దాచారటగా? మీ డాక్టర్లే నవ్వుకుంటున్నారు. కారం ఘాటు తగిలిన మందు వెలగకపోతే మా తప్పా?”

దాచిన మాట నిజమే. మే నెలలో ట్రాన్స్‌ఫార్మరు కాలిపోతే, మెహర్ ఉన్న సీసాలన్నీ ఫ్లాస్కులో పెట్టుకుని, అన్న మాబు కాపలా కాసే కోల్డ్ స్టోరేజీకి ఆటోలో పరుగెత్తింది. మిరపకాయల గోతాలు, టిక్కీలంటారు, వాటి మధ్య చున్నీ ముక్కుకు కట్టుకుని ఆ పగలంతా తుమ్ముతూ కూర్చుంది. మిరపకాయకూ ఆ మందుకూ ఒకటే చలి సరిపోతుందన్న సంగతి ల్యాబులో ఏ పెద్ద చదువుకూ తట్టలేదు.

“అది మేలో. ఈ సీసా మీరు తెచ్చింది జూలైలో. ఇంకా పుట్టని పిల్లకు తట్టు పోసిందంటారా?”

చైతన్యకృష్ణ నవ్వు అక్కడ ఆగిపోయింది. సారీ మేడం, వారంలో కొత్తది తెస్తానని చెప్పి మెట్లు దిగాడు.

“తడిగా ఉన్నాయి నాయనా, జారతావు!” అని కోటిరత్నం పైనుంచి కేకేసింది, గెలిచింది తనే అయినట్టు.

ఆ మందు సంగతి మెహర్ ఒకసారి విడమర్చి చెప్పింది. రక్తంలో రోగాలతో పోట్లాడే తెల్లకణాలుంటాయి. వాటిలో ఒక రకం కణాల ఒంటి మీద ఒక ప్రొటీన్ ఉంటుంది. ఈ మందు వెళ్లి దాన్నే పట్టుకుంటుంది, ఇంకదేన్నీ ముట్టదు. యంత్రంలోంచి పోనిస్తే ఆ కణాలు మెరుస్తాయి. “యాంటీబాడీ అంటారు పిన్నీ.”

“మిర్చి యార్డులో మా మేస్త్రీ వెయ్యి టిక్కీల్లో తన గుర్తున్న దాన్నే పట్టేవాడు. అట్లాంటిదేగా,” అంది కోటిరత్నం. చదువు రాకపోతే అర్థం కాదనుకునేవాళ్లంటే ఆమెకు ఒళ్లు మంట.

సీసా కొత్తది వచ్చినప్పుడల్లా ముందు ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తం మీద పరీక్షించాలి. సూది మాట వినగానే డాక్టర్లు ఫోను చెవికి ఆనించుకుని బయటికి నడిచేవాళ్లు. అందుకని పదకొండేళ్లుగా మెహర్ రబ్బరు పట్టీ తన చేతికే చుట్టి, పళ్లతో బిగించి, తన రక్తం తనే తీసుకుంటోంది. కాస్త పట్టుకోమని ఎవరినీ అడగదు. అడగడం ఆమెకు రాదు. భర్త పోయి పద్నాలుగేళ్లు, పిల్లల్లేరు, ఆనందపేటలో ఒంటిగది. రంజాన్ నెలలో ల్యాబు బాల్కనీలో ఒక్కతే నిలబడి ఖర్జూరంతో ఉపవాసం విడిచేది. “నేనూ మనిషినే, నాకొకటి పెట్టవే,” అని కోటిరత్నం నోరు తెరిచి అడిగిన మర్నాటి నుంచి రెండు తేవడం మొదలుపెట్టింది.

చెప్పిన వారానికి కొత్త సీసా వచ్చింది. మెహర్ తన రక్తం తీసుకుంది, మందు కలిపింది, యంత్రానికి ఇచ్చింది. మళ్లీ అదే మసక.

“సచ్చినోడు మళ్లీ పాడు సరుకే అంటగట్టాడా? ఫోను కలుపు, ఈసారి నేను మాట్లాడతా!”

మెహర్ ఫోను ముట్టలేదు. “రెండూ వేరువేరుగా తయారైన సీసాలు పిన్నీ. రెండూ అచ్చం ఒక్కలాగే చెడవు.”

“మరి?”

“రెండిట్లోనూ మారనిది నా రక్తం.”

కోటిరత్నం చీపురు ఆగింది. ఈ మధ్య మెహర్ మెట్ల మధ్యలో నిలబడిపోతోంది. చున్నీ కింద మెడను మాటిమాటికీ తడుముకుంటోంది. ఉక్క వల్లేమో అనుకుంది తను.

“కొన్ని రక్తపు జబ్బుల్లో ఆ ప్రొటీన్ తగ్గిపోతుంది. అప్పుడు మందు ఎంత మంచిదైనా మసగ్గానే ఉంటుంది. జనం రక్తాల్లో మేం వెతికేది దాన్నేగా.”

“అయితే డాక్టరుకు చూపించుకో తల్లీ.”

“చూపించుకుంటా. చెడింది సీసానో నేనో ముందు తెలియాలి.”

రబ్బరు పట్టీ ఆమె చేతిలోనే ఉంది. దాన్ని వేలికి చుట్టింది, విప్పింది, మళ్లీ చుట్టింది.

“పిన్నీ, మీ రక్తం ఒక గొట్టం ఇస్తారా? అదీ మసగ్గా వస్తే తప్పు సీసాది. వెలిగితే…” అని ఆపేసింది.

“ముప్పై ఏళ్లు మిరపకాయల తొడిమలు తీసిన ఒళ్లిది. నీ మిషనుకు మంట పుడితే నన్ననొద్దు,” అంటూ కోటిరత్నం స్టూలు మీద కూర్చుని చెయ్యి చాపింది. మెహర్ నవ్వబోయింది. పట్టీ బిగించే వేళ్లు చల్లగా ఉన్నాయి.

జ్వరమైనా భయపడి తన దగ్గరికి రాదని ఊరంతా చెప్పుకు తిరిగే మనిషి కోటిరత్నం. చైతన్యకృష్ణ రెండోసారీ మోసమే చేసి ఉండాలని, లేదంటే అదే జబ్బు ఉండైనా సరే తన రక్తమూ వెలగకూడదని, కోటప్పకొండ సామికి మొక్కుకుంది.

గొట్టం నిండింది. మెహర్ దాన్ని పట్టుకుని యంత్రం వైపు రెండడుగులు వేసి, వెనక్కి తిరిగింది.

“ముప్పావు గంట పడుతుంది పిన్నీ. అవతలి గది తర్వాత ఊడుద్దురుగాని. అంతదాకా ఇక్కడే, నా పక్కన కూర్చోండి.”