రెండు ఎడమ చేతుల చొక్కా

మా వీధిలో ‘ఎడంచెయ్యి పిన్ని’ అంటే తెలియనివాళ్లు లేరు. నిజానికి పిన్ని రాసేదీ, వడ్డించేదీ, బాబాయిని దెప్పుతూ ఊపేదీ కుడి చెయ్యే. పెళ్లయిన కొత్తలో చొక్కాల ఫ్యాక్టరీలో చేరి, అది మూతపడేదాకా ఎడమ చేతులు మాత్రమే కుట్టింది కాబట్టి ఆ పేరొచ్చింది. కుడి చెయ్యి పక్క మిషనావిడ వంతు. కాలరు ఇంకెవరిదో, జేబు మరెవరిదో. “ఊళ్లో సగంమంది నా చేతులేసుకునే తిరుగుతున్నారు” అని గొప్పలు పోయేది గానీ, నిండు చొక్కా ఒక్కటీ కుట్టి ఎరగదు.

ఫ్యాక్టరీ మూసేసిన రోజుల్లోనే టీవీలో మంత్రిగారు, ఉద్యోగాల పెరుగుదల కాస్త నెమ్మదించిందని సెలవిచ్చారు.

“నెమ్మదించడమేంటండీ, మా గేటుకి తాళమేస్తే!” అని పిన్ని టీవీతోనే దెబ్బలాటకి దిగింది.

మంత్రిగారికి వినబడిందో ఏమో, కొన్నాళ్లకి ప్రభుత్వం అదే షెడ్డు తాళం తీయించి కుట్టుపనిలో శిక్షణ మొదలుపెట్టింది. చివర్లో నిండు చొక్కా కుట్టి చూపినవాళ్లకి బడిపిల్లల యూనిఫాంలు కుట్టే ఉద్యోగం. అప్పటికే బాబాయి పనికీ ఎసరొచ్చింది. ఇంటిల్లిపాది ఆశా ఆ చొక్కా మీదే.

పరీక్షకి తోడుగా నేనూ బాబాయీ వెళ్లాం. పిన్ని కుట్టిన చొక్కాని టీచరమ్మ బాబాయికే తొడిగించింది. ఎడమ చెయ్యి అచ్చుగుద్దినట్టు అమిరింది. కుడి చెయ్యి మెలితిరిగి వెనక్కి లాగేస్తోంది. కంగారులో పిన్ని రెండూ ఎడమవే కుట్టేసింది!

నోట్లో నాలుక లేని బాబాయి ఆ రోజే నోరు విప్పాలా?

“బాగానే ఉందే, వీపు గోక్కోడానికి వీలుగా ఉంది.”

షెడ్డంతా గొల్లుమంది. పిన్ని కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు బాబాయి మీద ఒళ్లు మండింది.

టీచరమ్మ నవ్వాపుకుని, “భోంచేసి రండమ్మా. ఇంకో ముక్క ఇస్తాను, ఆ చెయ్యొక్కటీ మళ్లీ కుట్టండి” అంది.

పిన్ని ముద్ద ముట్టలేదు. “నాకు కుడి రాదు, అంతే” అంటూ కాలుగాలిన పిల్లిలా తిరిగింది. బాబాయి ఆ చొక్కాతోనే, బిక్కమొహంతో గోడనున్న అద్దం ముందుకెళ్లి జుట్టు సర్దుకోసాగాడు. అటు చూసిన పిన్ని ఆగిపోయింది.

“ఏవండీ, కదలకండి!”

అద్దంలో తను కుట్టిన ఎడమ చెయ్యి కుడిదై కనిపిస్తోంది. వంపు ఎటుండాలో, మడత ఎటు పడాలో అంతా కళ్లముందే ఉంది. మిషను అద్దం దగ్గరికి లాగించుకుంది. ఆ చెయ్యి తయారయ్యేదాకా బాబాయి కొయ్యబొమ్మలా నిలబడ్డాడు. మాట తూలిన మనిషికి ఆ మాత్రం శిక్ష పడాల్సిందే.

ఈసారి చొక్కా తొడుక్కుని బాబాయి రెండు చేతులూ ముందుకి చాచి గట్టిగా చప్పట్లు కొట్టాడు. మేమూ కొట్టాం. ఆ సంతోషం నాకింకా తాజాగానే ఉంది.

కొత్త పనిలో మొదటిరోజు సంగతి పిన్ని ఇప్పటికీ ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చెబుతుంది. సూపర్‌వైజరు, “పాత ఫ్యాక్టరీ వాళ్లేగా? మీరు ఏం కుడతారమ్మా?” అని అడిగాడట.

“చొక్కా” అందట పిన్ని.