ఒక మార్కు కోసం బట్టీ పట్టిన లైసోజోమ్

ఒక ఆదివారం నాలుగేళ్ల మా పాప కీర్తనకు తలంటు పోసి పావడ కడుతుంటే నాడా అందలేదు. చేతులు పుల్లల్లా ఉన్నాయి, పొట్ట మాత్రం ఉబ్బిపోయింది. ఎడమవైపు తాకితే గట్టిగా తగిలింది. కేకేసి ఇంట్లోవాళ్లను పిలిచాను.

తమిళనాడు ధర్మపురిలో మా ఇంటికి పెద్దదిక్కు మా అవ్వ, అంటే అమ్మమ్మ. నాకు అత్త కూడా ఆవిడే, ఎందుకంటే నేను చేసుకున్నది మా అమ్మ తమ్ముణ్ణే. అవ్వ పొట్ట తడిమి, "కడుపులో గడ్డ కట్టింది, ఇది బల్ల మే! వాత పెడితే కరిగిపోతాది" అంటూ పసుపు కొమ్ము కాల్చి పెట్టేసింది. నేను అడ్డుపడేలోపే అయిపోయింది. తర్వాత వాత పొక్కింది, ఆ పొక్కు పగిలి రక్తం కారసాగింది. ఎన్ని గుడ్డలు అదిమినా ఆగలేదు.

ఆసుపత్రికి పరిగెత్తాము. రక్తం పరీక్ష, స్కాన్ చూసి డాక్టరమ్మ తమిళంలో మండిపడింది. "రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్స్ ఇంత తక్కువున్న బిడ్డకు వాతలా? పొట్టలో ఎడమవైపు ఈ స్ప్లీన్ ఎంత పెద్దదైందో చూడండి!" క్యాన్సరేమోనని బోన్‌మారో, అంటే ఎముకలోని మూలుగు, పరీక్షకు తీశారు. రిపోర్టు వచ్చింది. క్యాన్సర్ కాదన్నారు. మరి ఏమిటి? బెంగళూరు పంపి ఎంజైమ్ టెస్ట్ చేయించారు.

అక్కడి జెనెటిక్స్ డాక్టర్ కాగితం మీద ఒక గుండ్రం గీశాడు. "ఇది సెల్, ఒంట్లోని ఒక కణం. లోపలి ఈ చిన్న సంచి లైసోజోమ్. సెల్లులో పాతబడినవాటిని అరిగించేది ఇదే. పాపకు అందులో కొవ్వును అరిగించే ఒక ఎంజైమ్ సరిగా లేదు. అరగని కొవ్వు స్ప్లీన్‌లో, లివర్‌లో, ఎముకల్లో పేరుకుంటోంది. గోషే డిసీజ్ అంటారు."

లైసోజోమ్! బడిలో ఒక్క మార్కు కోసం బట్టీ పట్టిన పేరు. మార్కు వచ్చింది, మరిచిపోయాను. అది నా బిడ్డ ప్రాణం మీదికి తెస్తుందని కలగన్నానా?

"మీరిద్దరూ దగ్గర బంధువులా?" అని అడిగాడు. తలూపాము. "ఈ ఎంజైమ్‌ను తయారుచేసే జీన్ అందరికీ రెండు కాపీలుంటుంది. ఒకే కుటుంబం కాబట్టి మీ ఇద్దరిలోనూ ఒక కాపీ చెడింది. రెండో కాపీ మంచిది కాబట్టి మీకేమీ కాలేదు. పాపకు రెండూ చెడినవే వచ్చాయి."  మామ, అంటే నా భర్త, ఆ గుండ్రం గీసిన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఇంటికొచ్చి చెబితే అవ్వ గుండెలు బాదుకుంది. "తమిళోళ్ల ఊర్లో మన మాట మాట్లాడే కోడలు దొరకదని ఇంట్లో పిల్లనే కట్టినానే! నా చేత్తో నేనే చేసినానా?"

"వాత పెట్టమని నిన్నెవరు అడిగినారు అవ్వా!" అని అరిచేశాను. ఇద్దరం ఏడ్చాము.

రెండు వారాలకొకసారి ఆ ఎంజైమ్‌ను సెలైన్‌లా రక్తంలోకి ఎక్కించే ఇన్‌ఫ్యూజన్ మొదలైంది. ఒకసారి సగంలో ఒళ్లంతా దద్దుర్లు, వణుకు. ఆపేశారు. ఇక మందు ఇవ్వరా అని డాక్టర్‌ను అడిగాను. తర్వాత మెల్లగా ఎక్కించి చూశారు, ఒంటికి పడింది. ఇప్పుడు పొట్ట తగ్గింది, బడికి పోతోంది. మందు మాత్రం జీవితాంతం కావాలి.

ఈమధ్య మా చెల్లిని మా చిన్న మామకు, అంటే నా భర్త తమ్ముడికి, ఇద్దామని బంధువులు మాట తెచ్చారు. "ముందు ఇద్దరికీ ఆ జీన్ టెస్టు చేయించండి, ఆమేలే పెండ్లి మాట" అని అవ్వే పట్టుబట్టింది. రిపోర్టు వచ్చింది. ఆ చెడిన జీన్ చిన్న మామకూ ఉంది, చెల్లికీ ఉంది. సంబంధం మానుకున్నాము.

మేనరికం అనుకుంటే తాంబూలాల కంటే ముందే జెనెటిక్స్ డాక్టర్‌ను కలవండి. మాకు బిడ్డ పుట్టాక తెలిసింది.