ఇండుపగింజ తేర్చిన నీళ్ళు

మా బావ గురించి మా ఊళ్ళో ఒక మాట ఉంది. రంగం, అదే రంగూను, వెళ్ళి అక్కడ బర్మా మనిషిని కట్టుకుని, పెళ్ళాంబిడ్డలను మరిచిపోయాడని. ఆ మాట నేను పుట్టించలేదు. పుట్టినప్పుడు పక్కనే ఉండి నోరు మెదపలేదు. మా బావ ఎవరినీ కట్టుకోలేదు. వెళ్ళిన వేసవిలోనే ఒక పరాయి ఏటి ఒడ్డున చనిపోయాడు. ఆ సంగతి తెలిసినవాణ్ణి మా ఊళ్ళో నేనొక్కణ్ణే.

వేసవిలో కాలువలు కట్టేస్తే మా వైపు పని ఉండదు. పూడిక తీసే పని కొందరికే దొరుకుతుంది. మిగిలినవాళ్ళు కాకినాడ వెళ్ళి ఓడ ఎక్కేవారు. రంగంలో ధాన్యం మిల్లులకు అదే అదను. నాలుగు నెలలు బస్తాలు మోసి, తొలకరికి తిరిగొచ్చి ఎప్పటిలాగే అరక కట్టుకోవచ్చు. బావ అంతకు ముందు ఒకసారి వెళ్ళొచ్చాడు. నాకు కొత్తగా పెళ్ళయింది, ఇంట్లో చేతులు ముడుచుకుని కూర్చోలేకపోయాను. నన్ను కూడా తీసుకెళ్ళమని మా అక్కే ఆయన్ని అడిగింది.

"వాడసలే భయస్తుడండి. చెయ్యి వదలకండి" అంది.

"నీ తమ్ముడు నా చెయ్యి వదలకపోతే చాలు" అని నవ్వాడు బావ.

బయలుదేరేటప్పుడు అక్క గుడ్డపీలికలో ఇండుపగింజలు మూటకట్టి నా చేతికిచ్చింది. గోదావరి ఎర్రబడే రోజుల్లో మేం ఆ గింజను కుండ లోపలి అంచుకు అరగదీసి నీళ్ళు పోస్తాం. కాసేపటికి మట్టంతా అడుక్కి దిగి నీళ్ళు అద్దంలా తేరుకుంటాయి. పుట్టిన దగ్గర్నుంచి చూస్తున్న పని. మాకు తేరిన నీళ్ళంటే మంచినీళ్ళే. ఇంకో పరీక్ష ఉంటుందని మాకు తెలియదు.

కాకినాడ దగ్గర సముద్రం లోతు ఉండదు. ఓడ ఎక్కడో దూరంగా నిలబడుతుంది. మమ్మల్ని పడవల్లో తీసుకెళ్ళి, తాళ్ళ నిచ్చెన మీదుగా ఎక్కించారు. ఒడ్డు కనపడకుండా పోయాక నేను రెండు చేతులూ జోడించి నిలబడిపోయాను.

"ఏరా బామ్మర్దీ, దణ్ణం అయిందా? ఇంకా చాలా ఉంది, కొంచెం దాచుకో" అన్నాడు బావ.

దారిలో ఒక మనిషి చనిపోయాడు. ఎవరో శ్రీకాకుళం వైపు ఆయన. గోనె చుట్టి, కాళ్ళకు బరువు కట్టి, మధ్యాహ్నం అన్నాలకు ముందు నీళ్ళలోకి జార్చేశారు. ఏడ్చేవాళ్ళు లేరు. చప్పుడు కూడా పెద్దగా కాలేదు. ఆ తరవాత సముద్రం మీద నాకు భయం పోయింది. ఆ స్థానంలో ఇంకో భయం వచ్చి కూర్చుంది: మనవాళ్ళు లేని చోట జబ్బు పడితే ఏమవుతుందో చూశాను.

రంగంలో ఆ భయం ఇంకా ముదిరింది. మిల్లులో ఊకపొడి. ఊపిరి పీలిస్తే దగ్గు. కూలీలంతా పొడుగాటి కొట్టాల్లో పక్కపక్కన పడుకునేవాళ్ళం. మరిడి, అదే కలరా, తగిలినవాణ్ణి బండి వచ్చి ఊరవతల షెడ్డుకు తీసుకుపోతుందనీ, అక్కడికి వెళ్ళినవాడు తిరిగి రాడనీ చెప్పుకునేవారు. కడుపులో చిన్న నొప్పి వచ్చినా ఎవరూ పైకి చెప్పేవారు కాదు. రోజూ పొద్దున్నే నీళ్ళ బానలోకి వంగి నా కళ్ళు లోపలికి పోయాయేమో చూసుకునేవాణ్ణి. బావ వెనక నుంచి వచ్చి, "అందంగానే ఉన్నావులే, పద" అనేవాడు.

వేసవి ముదిరి మిల్లు పని తగ్గింది. మమ్మల్ని తీసుకొచ్చిన మేస్త్రీ మాలో కొందరిని ధాన్యం పడవ మీద ఎగువ ఊళ్ళకు తీసుకెళ్ళాడు. అక్కడి ఏళ్ళు, బురద, కొబ్బరిచెట్లు చూస్తే అచ్చం మన లంకల్లా ఉంటాయి. మలుపు తిరిగితే మా రేవు వస్తుందేమో అనిపించేది. మలుపు తిరిగితే బంగారు గోపురం, కాళ్ళ మీద నిలబెట్టిన వెదురు ఇళ్ళు, లావుపాటి చుట్టలు కాలుస్తూ మమ్మల్ని చూసి నవ్వే ఆడవాళ్ళు. మనదిలాగే ఉండి మనది కాని ఆ నేలంటే నాకు భయం.

ఆ దేశంలో ఒక ఆచారం ఉంది. బాటసారుల కోసం దారి పక్కన చిన్న పందిరి కింద నీళ్ళ కుండలు పెడతారు, పక్కన కొబ్బరిచిప్ప. ఒక ఊళ్ళో ఎండలో బస్తాలు మోసి వస్తూ బావ ఆ చిప్ప అందుకున్నాడు. నేను చెయ్యి పట్టుకుని ఆపాను.

"ఎవరెవరు ఎంగిలి చేశారో బావా. మన కుండ ఉందిగా."

"దాహంతో ఉన్నవాణ్ణి పట్టుకుని కులం అడుగుతావేంటిరా?" అన్నాడు. అయినా నా మొహం చూసి చిప్ప అక్కడే పెట్టేశాడు.

నేను పడవ దగ్గరకు వెళ్ళి ఏట్లో నీళ్ళు ముంచాను. మా ఎగువనే కొందరు చాపలు, బట్టలు ఉతుకుతున్నారు. ఆ ఊళ్ళో ఏవో ఇళ్ళ ముందు ఆకుకొమ్మలు కట్టి ఉన్నాయి. ఎందుకు కట్టారో ఎవరినీ అడగలేదు; జబ్బున్న ఇళ్ళకు అది గుర్తని చాలా ఏళ్ళకు తెలిసింది. నీళ్ళు మురికిగా ఉన్నాయి. అక్క ఇచ్చిన గింజ తీసి కుండకు అరగదీశాను. తేరాయి. బావ కడుపునిండా తాగాడు. నేనూ తాగాను. నాకెందుకు ఏమీ కాలేదో ఇప్పటికీ తెలియదు.

మర్నాడు పొద్దుటికి బావకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. పొద్దెక్కేసరికి కళ్ళు గుంటలు పడ్డాయి, గొంతు మారిపోయింది. పడవలో ఉన్నవాళ్ళంతా రెండో చివరకు జరిగిపోయారు.

"పోలీసులు చూశారంటే పడవ ఇక్కడే కట్టించేస్తారు" అన్నాడు మేస్త్రీ. "అందర్నీ షెడ్డులో పడేస్తారు. ఇక ఓడా లేదు, ఊరూ లేదు. ఈయన్ని ఆ చావిడిలో దింపేద్దాం. నువ్వుంటావా, వస్తావా? తేల్చుకో అబ్బాయ్."

ఏటి ఒడ్డున వాళ్ళ చావిడి ఒకటి ఉంది, పైన కప్పు, నాలుగు వైపులా గోడల్లేవు. మేస్త్రీ, నేను కలిసి బావను అక్కడ పడుకోబెట్టాం. ఒక ముసలామె వచ్చి కొంచెం దూరంలో కూర్చుని చూస్తోంది. ఆమె మాట నాకు తెలియదు. ఆ చావిడిలో నేను ఒక్కణ్ణే ఉంటే, నాకూ తగిలితే, గోనె చుట్టడానికి కూడా మనిషి ఉండడు. ఆ క్షణంలో నా మనసులో బావ లేడు. ఉన్నదంతా ఆ గోనె.

"పడవ తిరిగొచ్చేటప్పుడు ఎక్కిస్తాను బావా" అన్నాను.

"కుండ ఉంచి వెళ్ళరా" అన్నాడు.

కుండ నింపి, గింజ అరగదీసి, చేతికందేలా పెట్టాను. ఆ పని మాత్రం శ్రద్ధగా చేశాను.

"మీ అక్కకి చెప్పకు. కంగారు పడుద్ది" అన్నాడు. ఆయన అన్నది జబ్బు సంగతి. ఆ మాటను తరవాత నాకు అడ్డం పెట్టుకున్నాను.

ధాన్యం నింపుకుని అదే దారిన దిగువకు వచ్చాం. చావిడి ఖాళీగా ఉంది. కుండ బోర్లించి ఉంది. ముసలామె ఒడ్డుకు వచ్చి, అరచెయ్యి నేలకు ఆనించి చూపించి, వెదురుపొద వైపు తల తిప్పింది. అక్కడ కొత్త మట్టి. మేస్త్రీ పడవ ఆపలేదు. ఆపమని నేనూ అడగలేదు.

ఊళ్ళో కాలువగట్టు మీద అక్క నిలబడి ఉంది, చంకలో కొడుకు.

"ఆయనేరిరా?"

ఓడలో దారి పొడుగునా కూడగట్టుకున్న మాట ఆమె నుదుటి బొట్టు చూడగానే ఎగిరిపోయింది. "ఇంకో పంటకారు ఉండి వస్తానన్నాడక్కా."

"సరేలే, నువ్వన్నా వచ్చావు" అని, నా స్నానానికి నీళ్ళు కాగబెట్టడానికి వెళ్ళింది.

అప్పటినుంచి రంగం ఓడ వచ్చిందంటే నాకు జ్వరం వచ్చినట్టుండేది. ఆ ధాన్యం పడవలో ఉన్నవాళ్ళంతా వేరే ఊళ్ళవాళ్ళు. అయినా రంగం నుంచి ఎవరు తిరిగొచ్చినా నేను పొలంలోనే పొద్దుపుచ్చేవాణ్ణి. ఏళ్ళు గడిచాయి. ఊరు తనకు తోచిన కారణం చెప్పుకుంది. రేవులో ఒకావిడ అక్కతో, "మీ ఆయన బర్మా బుగ్గలు మరిగాడటగా?" అంది, నేను వింటుండగానే.

"మరిగితే మరిగాడు. వేళకి అన్నం పెడుతోందో లేదో ఆవిడ, అది కనుక్కుని చెప్పండి" అంది అక్క, బిందె ఎత్తుకుంటూ.

నేను లాకుల దగ్గర గుమాస్తాగా చేరాక, ఒక ఏడు మా వైపు మరిడి వచ్చింది. కాలవ నీళ్ళు కాచకుండా తాగొద్దనీ, తేరినంత మాత్రాన మంచివి కావనీ దండోరా వేయించారు. డప్పు అవతలి వీధికి వెళ్ళిపోయింది. ఆనాడు ఏట్లో ముంచి, తేర్చి బావకిచ్చిన కుండ గుర్తొచ్చింది. అంతవరకూ బావను వదిలి వచ్చానన్నదొక్కటే నా తప్పనుకున్నాను.

పుష్కరాలకు అందరం రాజమండ్రి వెళ్ళాం. మేనల్లుడు అప్పటికే ఇద్దరు పిల్లల తండ్రి. తండ్రి లేనివాళ్ళు పిండాలు పెట్టుకుంటారు, నువ్వేం చేస్తావని బంధువులెవరో అడిగారు.

"మా నాన్నకేం, రంగంలో రాజాలా ఉన్నాడు. ఆ పిల్లలు పెడతార్లెండి" అన్నాడు వాడు. ఆ గొంతులో అంత విషం ఉందని నాకు అంతవరకు తెలియదు. ఆయనకు పిండం లేకుండా చేసింది కూడా నేనే.

బసలో అక్క ఎర్రనీళ్ళ బిందె దించుకుని, కొంగుముడి విప్పి ఇండుపగింజ తీసింది. బిందె అంచున గింజ ఆనించగానే ఆమె చెయ్యి పట్టుకున్నాను, ఆనాడు బావ చెయ్యి పట్టుకున్నట్టే. పట్టుకున్నాక చెప్పక తప్పలేదు. చావిడి, పడవ, వెదురుపొద, అన్నీ చెప్పాను. గుమ్మంలో నిలబడి మేనల్లుడు కూడా విన్నాడు.

అక్క అడిగింది. "అయితే ఎవర్నీ కట్టుకోలేదా?"

"లేదక్కా."

"నీళ్ళు అడిగాడా?"

"అడిగాడు."

"ఇచ్చావా?"

ఇచ్చానని ఊరుకుంటే ఆమెకు అదే ఓదార్పుగా మిగిలేది. ఏ నీళ్ళు ఇచ్చానో కూడా చెప్పాను. నా చేతిలోంచి తన చెయ్యి విడిపించుకుని, గింజ వైపు చూసింది.

"మూటకట్టి ఇచ్చింది నేనేగా" అంది.

నీకేం తెలుసక్కా అనబోతే వినిపించుకోలేదు. బిందెలో నీళ్ళు గిన్నెలోకి వంచి, "పొయ్యి ముట్టించరా" అంది. మేనల్లుడు నా వైపు చూడకుండా రేవుకు వెళ్ళిపోయాడు. నీళ్ళు మరిగేదాకా మేమిద్దరం పొయ్యి దగ్గరే కూర్చున్నాం. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

వాడు ఆ పూటే తండ్రి పేరు చెప్పి పిండం పెట్టాడు. నాతో మాట్లాడటం మానేశాడు. అక్క గాజులు తీసేసింది. ఇన్నేళ్ళ తరవాత ఇప్పుడెందుకు తీసిందని ఊళ్ళో అడుగుతున్నారు. ఎందుకో, ఇదీ సంగతి.