ముంత పట్టుకొని హిజ్లీకి

నా భార్య పోయిన పదో రోజున కాకి ముద్ద ముట్టలేదు. పూరీ గేట్ పేటలో మా ఇంటి గోడ మీద విస్తరి పెట్టి మధ్యాహ్నం దాకా నిలబడ్డాం.

"ఎలాగ ముడతాది? మా అక్కని పూర్తిగా కాల్చలేదు కదా బావా! ముక్క కోయించి దాపించినావు," అన్నాడు బావమరిది, చుట్టాలందరి ముందూ.

కోయించింది నేను కాదు. ఆపరేషన్లో తీసిన కేన్సర్ గడ్డలోంచి కాస్త పరిశోధనకిమ్మని, మా ఊళ్లోనే ఉన్న హిజ్లీ కాలేజీ క్యాంపస్‌లోని తెలుగు సైంటిస్టమ్మ అడిగితే, నా భార్యే సరేనంది. "నన్ను తినేది నాకెందుకమ్మా, పట్టుకుపో," అని నవ్వింది కూడా. బావమరిది వినలేదు. ఆ ముక్క కాలితే గానీ పన్నెండో రోజు భోజనానికి ఎవరూ కూర్చోరన్నాడు. దాన్ని తెమ్మని ఎర్రగుడ్డ కట్టిన మట్టిముంత నా చేతికిచ్చి పంపాడు.

ముక్క తిరిగిమ్మని ముంత చాపితే సైంటిస్టమ్మ నాకు కుర్చీ వేసింది.

"ఆ ముక్క ఇప్పుడు లేదు బాబాయిగారూ. దాని కణాలు విడదీసి పెంచాను. ఉన్నవి వాటి పిల్లలు."

"బతికున్నాయేటి?"

"ఉన్నాయి."

మైక్రోస్కోపులో చూపించింది. ఉడికిన సగ్గుబియ్యంలా అతుక్కుని ఉన్నాయి. గులాబీ రంగు నీళ్లు వాటి తిండట, వేళకు మారుస్తుందట. నా భార్యకు ఆఖర్లో గంజి కూడా దిగలేదు.

"ఇక పెరగొద్దని కణాన్ని ఆపే ప్రోటీను వీటిలో పనిచెయ్యడం లేదు. ఎందుకో వెతుకుతున్నాను."

"తెలిస్తే మా ఇంటిది లేచొస్తాదేటి?"

"రారు."

అబద్ధమాడనందుకు మెచ్చుకున్నాను.

"మీరు వద్దంటే ఇప్పుడే బ్లీచ్ పోసి చంపేస్తాను. నా పని మళ్లీ మొదటికొస్తుంది, అంతే," అంది. చెయ్యి మాత్రం ఆ గాజుపళ్లెం మూత మీంచి తియ్యలేదు.

"వాటికి నొప్పుంటాదా?"

"ఉండదు."

ఒళ్లు మండింది. మూలిగి మూలిగి పోయింది ఆ మనిషి. ఆ మనిషిని తిన్న దీనికి నొప్పి కూడా లేదు.

"ఒక్కపాలే సంపకు. నీ కాడున్న మందులన్నీ ఒకటొకటీ పొయ్యి. సగం సావనీ. మళ్లీ పెంచు, మళ్లీ పొయ్యి."

"నేను చేసేది అదే బాబాయిగారూ," అంది, నా మొహం చూడకుండా.

ముంత అక్కడే చెత్తబుట్టలో పడేసి వచ్చాను.

గుమ్మంలోనే బావమరిది అడిగాడు. "తెచ్చినావా?"

"నేదు. అక్కడే సంపుతున్నారు దాన్ని, మెల్లగా."

"మరి మాయక్క?"

"మీయక్క సచ్చిపోనాది. పన్నెండో రోజు తింటే తిను, నేకపోతే పో."

పోయాడు. వాడి వెనకే చుట్టాలూ పోయారు. పన్నెండో రోజు నేనొక్కణ్ణే ఆకేసుకుని కడుపునిండా తిన్నాను.