నాయన వెనక్కి తిరిగి చూడలేదు

తోపుడుబండివాడు అడిగిన ధరకే మా నాయన చిక్కుడుకాయలు కొన్నాడని అమ్మ ఫోన్ చేసింది. పక్కింటివాళ్లకు వినపడకూడని సంగతిలాగా గొంతు బాగా తగ్గించి చెప్పింది.

"తగ్గించమని ఒక్క మాటగూడా అడగలేదు పాపా. సంచి పట్టినాడు, డబ్బులిచ్చినాడు. నాకు బయమేస్తా ఉండాది."

నాకూ భయమేసింది. తిరుపతి బజారులో ఇత్తడి సామాన్ల అంగడి పెట్టి జుట్టు నెరిసిన మనిషి ఆయన. నేను పుట్టిన రోజు మంత్రసానితోనూ, నా పెళ్లిలో పురోహితుడితోనూ బేరమాడాడని అమ్మ ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది. అడిగినంత ఇచ్చేస్తే అడిగినవాణ్ణి అవమానించినట్టేనని ఆయన నమ్మకం.

అంతకు నాలుగు నెలల ముందు, అంగట్లో పై అరలోని బిందె దించబోయి నిచ్చెన మీది నుంచి జారి నాయన కాలు విరగ్గొట్టుకున్నాడు. ఎముకల కట్టుకు పేరుపడ్డ పుత్తూరు తీసుకుపోయి కట్టు కట్టించాం. ఎముక చక్కగా అతికింది. చివరి కట్టు విప్పిన పెద్దమనిషి "ఇంక నడువు సామీ, ఎంత నడిస్తే అంత మంచిది" అన్నాడు. నాయన నడవలేదు. చేతికర్ర మీద ఒళ్లంతా మోపి మంచం నుంచి గుమ్మం దాకా వచ్చేవాడు, గుమ్మం నుంచి మళ్లీ మంచం దాకా పోయేవాడు. అంగడి మా తమ్ముడికి వదిలేశాడు. కాలు బాగయింది గానీ ఆ కాలి మీద ఆయనకు నమ్మకం కుదరలేదు.

మరునాడే పుట్టింటికి పోయి చిక్కుడుకాయల సంగతి అడిగాను. గుమ్మంలో కూర్చుని వీధిలోకి చూస్తూ చెప్పాడు.

"లేచి పోలేనోడు బేరమేమి ఆడతాడు పాపా? నేను వద్దంటే వాడు బండి తోసుకోని పోతాడు. నేను యాడికి పోతా?"

అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు. మా ఇంట్లో బేరమంటే నోటితో ఆడేది తక్కువ. ధర చెప్పాలి, వీపు తిప్పాలి, నడవాలి. వెనక్కి చూశావో, నీ పని అయిపోయినట్టే. చిన్నప్పుడు అంగట్లో గల్లాపెట్టె పక్కన నన్ను కూర్చోబెట్టుకుని, మెట్లు దిగిపోతున్న గిరాకీల వీపులు చూపించి ఈ విద్య నేర్పించాడు. "ఆయమ్మ బుజం చూడు, కొంచెం ఈ పక్కకు వంగిండాది. మూడో మెట్టుకాడ పిలిస్తే వస్తాది" అనేవాడు. పిలిస్తే వచ్చేది.

ఆ విద్యలో నేను ఆయనంతటిదాన్నని నా నమ్మకం. నాయనను తీసుకుని పలమనేరు పోదామని నేననడం వెనక ఉన్నదీ ఆ నమ్మకమే. ఊటీ దారి ఇంకా తెలియని రోజుల్లో మద్రాసు దొరలు ఎండకు తాళలేక ఎక్కివచ్చి బంగళాలు కట్టుకున్న చల్లని ఊరది. గాలి మారితే నాయనకు మంచిదని అమ్మకు చెప్పాను. చలికాలంలో అక్కడికి ఎవరూ రారు గనక లాడ్జివాణ్ణి సగానికి దించానని మాత్రం చెప్పలేదు. లాడ్జిలో వేడినీళ్లు కూడా సగమే వస్తాయని తర్వాత తెలిసింది.

"మంచులో పలమనేరుకు ఎవురు పోతారు? దొరలుగూడా ఎండాకాలమే గదా పోయింది" అని చిత్తూరు దాటేదాకా సణిగాడు నాయన. మొగిలి ఘాట్ ఎక్కుతుంటే మఫ్లరు చెవులకు చుట్టుకున్నాడు.

ఊరు మంచులో మునిగి ఉంది. పాలక్యాన్ల మోటారుసైకిళ్లు తప్ప వీధిలో పెద్దగా కదలిక లేదు. ఊరి చివర దొరల కాలపు బంగళా ఒకటి, పెంకుల కప్పు, పొడవాటి వరండా. అందులో పాత సామాన్లు అమ్ముతారు. ఎండాకాలమైతే ఆ గేటు ముందు బెంగుళూరు కార్లు వరస కట్టి ఉంటాయట. ఇప్పుడు ఒక్కటీ లేదు. నాయన నడవాల్సిన పని లేకుండా కారును గేటు లోపలికి, వరండా మెట్ల దాకా తీసుకుపోయి ఆపాను.

మంకీ టోపీ పెట్టుకుని కుంపటి ముందు చేతులు కాచుకుంటున్న అంగడాయన లేచి, నాయన కూర్చోవడానికి ఒక స్టూలు జరిపాడు. నా కళ్లు అప్పటికే ఒక కుర్చీ మీద పడ్డాయి. టేకుది. దొరలు కాళ్లు బారజాపుకునేందుకు చేయించుకున్న పొడుగు చేతుల పడక కుర్చీ. గుమ్మంలో కూర్చునేటప్పుడు నాయనకు సుఖంగా ఉంటుందనుకున్నాను. ఆయన ఇక నడవడని నేను ఎప్పుడో ఒప్పేసుకున్నానని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం అది ప్రేమనుకున్నాను.

అంగడాయన ధర చెప్పాడు. నేను అందులో సగం చెప్పి, వీపు తిప్పి, మెట్లు దిగి, కారు చుట్టూ తిరిగి, గేటు దాకా పోయాను. పిలుపు లేదు. గేటు దగ్గర బంతిపూల మొక్క ఒకటుంటే దాన్ని చూడ్డానికే వచ్చినట్టు కాసేపు చూసి తిరిగొచ్చాను.

"పూలు బాగుండాయా అక్కా?" అన్నాడు అంగడాయన.

నాయన మొహం ఒక్కసారికంటే చూడలేకపోయాను. ఇన్నేళ్లుగా నేను ఆయన దగ్గర నేర్చుకున్నది ఇదా అన్నట్టు చూస్తున్నాడు.

"మాట్లాడేటప్పుడు కుర్చీ మింద చెయ్యి పెట్టినావు" అన్నాడు. "పెండ్లికూతురి మాదిరి నిమిరినావు. ఇంక వాడు యాల తగ్గిస్తాడు?"

కర్ర సాయంతో లేచాడు. కర్రతో కుర్చీ కాళ్లు ఒక్కొక్కటే తట్టి చూశాడు. అడుగు చూడ్డానికి వంగాలి గనక కర్ర నా చేతికిచ్చి, కుర్చీ పట్టుకుని వంగాడు.

"ఈ కాలు అతుకేసిండాది గదప్పా."

"దొర కూర్చున్న కుర్చీ పెద్దాయనా."

"దొర కూర్చున్నందుకు ధర పెంచితే, దొర విరగ్గొట్టినందుకు తగ్గించల్ల గదా."

"అతుకేసిన కాలే గట్టిది. బరువంతా అదే మోస్తా ఉండాది, చూడు."

నాయన చూశాడు. కుర్చీని అటూ ఇటూ ఊపాడు. అది కదల్లేదు. తర్వాత నిటారుగా నిలబడి ధర చెప్పాడు. నేను చెప్పిన సగం కంటే ఇంకా తక్కువ. నాకే సిగ్గేసింది.

"అంగడన్నా మూసేస్తా గానీ ఆ ధరకియ్య" అన్నాడు అంగడాయన.

"అట్లయితే మూసెయ్" అని నాయన వీపు తిప్పాడు.

మొదటి మెట్టు దిగాడు. రెండోది దిగాడు. మూడో మెట్టు మీద కుడిచెయ్యి గాలిలో ఏదో వెతికి, ఏమీ దొరక్క, ఊరుకుంది. నా చేతిలో ఏముందో అప్పుడు చూసుకున్నాను. చేతికర్ర.

నేను కేక వెయ్యబోయాను. అంతలో పక్కన అంగడాయన కూడా పిలవడానికి నోరు తెరిచాడు. పిలిస్తే బేరం కుదిరిపోతుంది, నాయన తిరిగొచ్చి స్టూలు మీద కూలబడతాడు, కర్ర అడుగుతాడు. జీవితంలో ఎన్నడూ చెయ్యని పని అప్పుడు చేశాను.

"అన్నా, పిలవొద్దు" అన్నాను, నాయనకు వినపడకుండా.

"ఏందక్కా?"

"నువ్వు మొదట చెప్పిందే ఇస్తా. రూపాయి తగ్గించొద్దు. ఆయన్ను మటుకు పిలవొద్దు."

నన్ను ఎగాదిగా చూశాడు. "మీది ఏ ఊరక్కా?"

విరిగిన కాలు, పుత్తూరు కట్టు, నాలుగు నెలల మంచం, అన్నీ రెండు ముక్కల్లో చెప్పాను. అంగడాయన మంకీ టోపీ తీసేసి నాయన వైపు చూశాడు. నాయన కారు దగ్గరికి చేరాడు. అక్కడ ఆగుతాడనుకున్నాను. ఆగలేదు. కారును కూడా వద్దనుకున్నవాడిలాగా దాన్ని దాటి ముందుకు పోయాడు. నడక గొప్పగా ఏమీ లేదు. అడుగు పడినప్పుడల్లా ఎడమభుజం దిగుతోంది. కానీ అది వెనక్కి చూసే మనిషి భుజం కాదు.

"ఇప్పుడు పిలువు" అన్నాను, నాయనకు గేటు దగ్గరపడుతుంటే.

"ఉండక్కా, ఇంకొంచెం పోనీ." అతనికి ఉత్సాహం పుట్టింది. నాయన గేటు దాటి రోడ్డెక్కాక గొంతెత్తి చిల్లరంత తగ్గించి ఒక ధర చెప్పాడు. నాయన తిరక్కుండానే చెయ్యెత్తి ఊపి, మంచులోకి ఇంకా నడిచాడు. మరికాస్త తగ్గించి మళ్లీ కేక. మళ్లీ అదే చెయ్యి. మనిషి బూడిదరంగు నీడలాగా అయ్యాక అంగడాయన అరిచాడు.

"సరే పెద్దాయనా, నీ ధరకే తీసుకో. ఈడికొచ్చి మాట్లాడు."

పోయిన దూరమంతా ఆయన తిరిగి నడవాలి. నడిచాడు. మెట్లెక్కి, స్టూలు వైపు కూడా చూడకుండా నిలబడే ఉన్నాడు. ముక్కు కొన ఎర్రగా ఉంది. నేను కర్ర వీపు వెనక దాచుకున్నాను. ఆయన అడగలేదు.

తను కుదిర్చిన ధర నాయన తన జేబులోంచే ఇచ్చాడు. ఆయన లోపల కూర్చున్నాక, కుర్చీని కారు పైన కట్టేటప్పుడు మిగతాది నేను అంగడాయన చేతిలో పెట్టాను. వద్దన్నాడు. ఇచ్చిన మాట గదా అన్నాను. నేను ఎక్కువ తీసుకొమ్మని, అతను వద్దని, అదొక తిరగబడిన బేరం జరిగింది. ఓడిపోయింది అతనే.

ఊరు దాటాం. అద్దం మీది మంచు వైపర్‌తో తుడుస్తూ నేను మెల్లగా నడుపుతున్నాను.

"పాపా."

"ఏం నాయనా."

"ఆ ధరకిచ్చినోడు అట్ల నవ్వతా సాగనంపడు. ఎంతిచ్చినావు?"

నేను రోడ్డు మీదే చూపు పెట్టాను. నా వీపు కనపడకపోయినా నా చెవి ఏదో చెప్పేసి ఉంటుంది.

"చెడగొట్టినావు" అన్నాడు, మూతి మీద నవ్వు ఆపుకుంటూ. "ఆడ అనపకాయలు అమ్ముతా ఉండారు, బండి నిలుపు. నువ్వు దిగొద్దు."

తలుపు తనే తీసుకుని దిగాడు. కర్ర వెనక సీటులో ఉంది. గోనెపట్ట మీద చిక్కుడులాంటి అనపకాయలు రాశి పోసుకున్న ఆమె ఏదో ధర చెప్పింది, నాయన ఏదో అన్నాడు, ఆమె నవ్వింది. ఆయన వీపు తిప్పి రోడ్డు పక్కన నడక మొదలుపెట్టాడు, కారు ఉన్న వైపు కాదు.

నేను ఇంజను ఆపేశాను.