చప్పుడు లేని డ్రమ్ములు

లోరెయిన్ హెప్‌వర్త్ పేరు రేడియోలో మారుమోగింది ఎనభైల్లో కొన్నేళ్లే. అంతకు ముందు ఆమె షెఫీల్డ్ కార్మికుల క్లబ్బుల్లో, బింగో ఆటకీ ఆటకీ మధ్య పాడేది. పాటలు తనే కట్టుకునేది. వెనక డ్రమ్ములు క్లైవ్ ఓగ్డెన్‌వి. పగలంతా అతను కత్తులకు మెరుగు పెట్టే కార్ఖానాలో ఉండేవాడు. పాడుతూ పాడుతూ ఆమెకు ఊపిరి చాలక వెనకబడితే, వినేవాళ్లకు తెలియకుండా తాళాన్ని కాస్త నిలిపి ఆమెను కలుపుకునేవాడు.

లండన్ కంపెనీ ఆమె పాటను రికార్డు చేసినప్పుడు నిర్మాత డ్రమ్ములకు మనిషిని వద్దన్నాడు. డ్రమ్ముల మోత తనే పుట్టించే మిషన్ పెట్టాడు. ఆమె సరేనంది. రికార్డు విని క్లైవ్ ఎప్పటిలాగే కార్ఖానాకు వెళ్లాడు.

పాట అమ్మకాల పట్టికలో పైకి పాకింది. టీవీ వాళ్లు పిలిచారు. తెర మీద మిషన్ కనిపిస్తే బాగుండదన్నారు, డ్రమ్ముల వెనక ఎవరో ఒకరు ఉండాలన్నారు. లోరెయిన్ క్లైవ్‌కి ఫోన్ చేసింది.

స్టూడియోలో డ్రమ్ముల మీద చప్పుడు రాకుండా రబ్బరు పరిచారు.

"నేనేం వాయించాలి?" అన్నాడు క్లైవ్.

"ఏమీ వద్దు. రికార్డు మోగుతుంది. వాయిస్తున్నట్టు కనబడితే చాలు," అంది లోరెయిన్.

"మా అమ్మ చర్చిలో పాడినట్టన్నమాట. నోరు కదులుతుంది, గొంతు రాదు."

నవ్వాడే గాని, మిషన్ కొట్టిన ప్రతి దెబ్బా ముందే నేర్చుకుని వచ్చాడు. పుల్ల ఒక్కచోటా తప్పలేదు. ఆ పూట కెమెరా ముందు నిజంగా పనిచేసింది అతనొక్కడే అనిపించింది లోరెయిన్‌కి.

తర్వాతి ఆదివారం ఓగ్డెన్ల ఇంటికి టీకి వెళ్లింది. ఊరూరా కచేరీలు మొదలవబోతున్నాయి. వాటికీ మిషనే. ఆ సంగతి చెప్పడానికే వచ్చింది.

"రా తల్లీ," అంది క్లైవ్ తల్లి ఎనిడ్. "టీవీలో నీకంటే మావాడే బాగున్నాడు, ఏమనుకోకు. లండన్‌లో తిండి పెట్టరా ఏం? పుల్లలా అయ్యావు!"

"పెడతారు ఆంటీ."

"శుక్రవారంతో పని మానేస్తున్నా, ఇక నీతో కచేరీలే కదా," అన్నాడు క్లైవ్. "ఫోర్‌మన్‌కి చెప్పేశా. ముసలాడు కూతురికి నీ సంతకం కావాలన్నాడు."

హామ్ శాండ్‌విచ్ లోరెయిన్ చేతిలోనే ఉండిపోయింది. అతణ్ణి పెరట్లోకి పిలిచి, బొగ్గుల కొట్టు పక్కన నిలబడి చెప్పేసింది.

క్లైవ్ కొట్టు తలుపు గడియ సరిచేశాడు. "ఎప్పుడు తేల్చారు?"

"టీవీకి ముందే."

"చెబితే నేను రానేమోనని దాచావా?"

"నువ్వు వచ్చేవాడివే, క్లైవ్. నాకు తెలుసు."

"అవును. వచ్చేవాణ్ణే." తలుపు వెనక వేలాడే కోటు తీసి తొడుక్కున్నాడు. "ఇంకొకణ్ణి పెట్టుకోకముందే ఫోర్‌మన్‌ని ఇంటి దగ్గరే పట్టుకోవాలి. నువ్వు లోపలికెళ్లు. అమ్మ నీకోసం కేక్ చేసింది. అమ్మకి నేను చెప్పుకుంటా, నువ్వేం అనకు."

"వాడెక్కడికి పోతున్నాడు?" అంది ఎనిడ్, కేక్ కోస్తూ.

"ఏదో పనుందట ఆంటీ."

"మనూళ్లో మీ కచేరీ ఎప్పుడు? వీధి వీధంతా వచ్చి ముందు వరసలో కూర్చుంటాం!"

కచేరీలు మొదలయ్యేదే షెఫీల్డ్‌లో. టికెట్లు కూడా అచ్చయ్యాయి.

"ఇంకా తేలలేదు," అంది లోరెయిన్. ఎనిడ్ పెట్టిన కేక్ పొడి కూడా మిగలకుండా తింది. ఇంకో ముక్క వేస్తే, వద్దనడానికి మొహం చెల్లక అదీ తింది.